స్టాంపు పేపరు మీద రాసుకున్న విడాకులు చెల్లవా? చెల్లికి సంబంధం కుదిరింది, టెన్షన్‌గా ఉంది

తణుకు_తమ్ముడు
మా చెల్లి పెళ్ళి 2018లో జరిగింది. అబ్బాయిది పక్క మండలమే. మూడేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చింది. 2021 వినాయక చవితికి పాపను ఎత్తుకుని పుట్టింటికి వచ్చింది, మళ్ళీ వెళ్ళలేదు. కారణాలు ఇక్కడ రాయను. దసరా వెళ్ళాక రెండు వైపుల పెద్దమనుషులూ కూర్చున్నారు. వాళ్ళు నాలుగు లక్షల కట్నం తిరిగి ఇచ్చారు, పన్నెండు కాసుల బంగారంలో తొమ్మిది కాసులు ఇచ్చారు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద "ఇకమీదట ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదు, ఎవరికి నచ్చిన వాళ్ళను వాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చు, పాప తల్లి దగ్గరే ఉంటుంది, తండ్రికి సంబంధం లేదు, భరణం అడగరు" అని రాయించి, ఇద్దరి చేతా, నలుగురు సాక్షుల చేతా సంతకాలు పెట్టించారు. నోటరీ కూడా చేయించాం. అక్కడితో తెగిపోయిందనుకున్నాం.

ఇప్పుడు నాలుగేళ్ళకు రాజమండ్రి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి భార్య పోయింది, మంచివాడు, పాపను కూడా ఇష్టంగా చూస్తున్నాడు. మాఘంలో ముహూర్తం అనుకున్నాం. నిన్న వాళ్ళ మేనమామ వచ్చి టీ తాగుతూ మెల్లగా అడిగారు, "కోర్టు డిక్రీ నకలు ఒకటి ఇస్తారా" అని. మా నాన్న లోపలికెళ్ళి ఆ స్టాంపు పేపరు తెచ్చి చూపించారు. ఆయన చూసి, మడిచి, మళ్ళీ నాన్న చేతికే ఇచ్చేశారు. ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది.

నిజంగా ఈ కాగితం చెల్లదా?

కందిపొడి
ముందు ఒక సంగతి. కట్నం వాపసు చేసిన విషయం స్టాంపు పేపరు మీద రాసుకుని, నోటరీ ముద్ర కూడా వేయించారా? 1961 నుంచి కట్నం ఇవ్వడం కూడా నేరమే సామీ. దొంగతనానికి రసీదు తీసుకున్నట్టుంది.

తణుకు_తమ్ముడు
మీకు నవ్వులాటగా ఉంది.

కందిపొడి
సారీ తమ్ముడూ. అసలు మా ఊళ్ళో అందరూ ఇలాగే రాసుకుంటారు. మా బాబాయిదీ అంతే.

నల్లకోటు
జిల్లా కోర్టులో ఇరవై ఏళ్ళుగా ప్రాక్టీసు. సూటిగా చెప్తాను, మనసు కష్టపెట్టుకోకండి. ఆ కాగితం విడాకులు కాదు. చట్టం దృష్టిలో మీ చెల్లెలు ఈ రోజుకీ ఆయన భార్యే. ఇద్దరూ హిందువులైతే 1955 హిందూ వివాహ చట్టం కింద పెళ్ళిని రద్దు చేయగలిగేది కోర్టు డిక్రీ ఒక్కటే. పెద్దమనుషులు చేయలేరు. నోటరీ చేసేది సంతకం పెట్టిన మనిషి ఇతనే అని చెప్పడం వరకే, లోపల రాసినదానికి ప్రాణం పోయలేడు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించినా ఇంతే.

ఇలాగే మాఘంలో పెళ్ళి చేస్తే ఆ రెండో పెళ్ళి చెల్లదు. పైగా మీ చెల్లి మీదే ద్విభార్యత్వం కేసు పెట్టే వీలుంటుంది. పాత ఐపీసీలో 494, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 82. ఏడేళ్ళ వరకూ శిక్ష. పేరు ద్విభార్యత్వం గానీ ఆడవాళ్ళకూ వర్తిస్తుంది.

కంగారు పడకండి, దారి ఉంది. ఇద్దరికీ ఇష్టమే అయితే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద పరస్పర అంగీకారంతో వేయండి. కనీసం ఏడాది విడిగా ఉండాలి, మీకు నాలుగేళ్ళయింది. మొదటి దఫా ఇద్దరూ కలిసి పిటిషన్ వేస్తారు. తర్వాత ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలు దాటకుండా, మళ్ళీ వచ్చి "మా మాట మీదే ఉన్నాం" అని చెప్పాలి. దాన్నే సెకండ్ మోషన్ అంటాం.

తణుకు_తమ్ముడు
ఆరు నెలలా! మాఘం దాటిపోతుంది కదండీ.

నల్లకోటు
ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్ వేసే నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు అయిపోయి, డబ్బూ పిల్లల విషయం నిజంగా తేల్చుకుని ఉంటే జడ్జి ఆ గడువు మాఫీ చేయొచ్చు. మొదటి దఫా అయిన వారానికి అర్జీ పెట్టుకోవచ్చు. "చేయొచ్చు" అన్నాను, "చేస్తారు" అనలేదు. ముహూర్తం కాగితం పట్టుకుని కోర్టుకు వెళ్ళకండి.

పాలమూరు_పిల్లోడు
లాయర్ సాబ్ మొత్తం చెప్పలేదు. అదే చట్టంలో సెక్షన్ 29(2) ఉంది. ఆచారం ప్రకారం విడాకులు తీసుకునే హక్కు ఉంటే దాన్ని ఈ చట్టం తీసేయదని రాసి ఉంది. మా దిక్కు చాలా కులాల్లో కుల పెద్దల ముందు తెగతెంపులు చేసుకుని మారుమనువు చేసుకోవడం తాతల నుంచి ఉంది. బాండు పేపరు కూడా ఈమధ్య వచ్చిందే, అంతకుముందు నోటి మాటే. వాళ్ళందరి పెళ్ళిళ్ళూ చెల్లనివేనా?

నల్లకోటు
మంచి ప్రశ్న. 29(2) ఉన్నమాట నిజమే, కావాలనే చెప్పలేదు. ఎందుకంటే దాన్ని నమ్ముకుని మునిగినవాళ్ళను చూశాను. "మాకు ఆచారం ఉంది" అంటే సరిపోదు. ఆ కులంలో, ఆ ప్రాంతంలో చాలాకాలంగా తెగకుండా, ఒకే తీరుగా నడుస్తోందని సాక్ష్యంతో రుజువు చేయాలి. ఆ ఆచారం ప్రజా నీతికి విరుద్ధం కాకూడదు. 2002లో యమనాజీ జాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే అంది: కాగితం ఉంటే చాలదు, ఆచారం ఉందని చెప్పుకోవాలి, నిరూపించాలి. ఆ రుజువు చేయాల్సి వచ్చేది ఎప్పుడంటే, గొడవ వచ్చినప్పుడు. అంటే అన్నిటికన్నా చెడ్డ రోజున.

తండా_నాయక్
మా తండా సంగతి వేరు. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వివాహ చట్టం దానంతట అది వర్తించదు, సెక్షన్ 2(2) చూడండి. మాకు నాయక్ పెట్టే పంచాయితీయే కోర్టు. తప్పు ఎవరిదో తేల్చి జరిమానా కట్టిస్తారు.

నల్లకోటు
నిజమే. కేంద్రం నోటిఫై చేస్తే తప్ప వాళ్ళకు వర్తించదు, ఆచారమే చట్టం. తణుకు తమ్ముడిది ఆ కేసు కాదనుకుంటున్నాను.

తణుకు_తమ్ముడు
కాదండి.

రిటైర్డ్_గుమస్తా
పాలమూరు పిల్లోడు "వాళ్ళందరి పెళ్ళిళ్ళూ చెల్లనివేనా" అని అడిగాడు. బతికి ఉన్నంతకాలం ఎవరూ అడగరు నాయనా. చచ్చాక అడుగుతారు. నేను ముప్పై ఏళ్ళు పెన్షన్ ఫైళ్ళు చూశాను, ఏ ఆఫీసని అడక్కండి. ఒకాయన యువకుడిగా ఉన్నప్పుడు మొదటి భార్యతో ఇలాగే ఊళ్ళో కాగితం రాసుకున్నాడు. రెండో ఆవిడతో ఇరవై ఆరేళ్ళు కాపురం. సర్వీసులో ఉండగానే పోయాడు. పదిహేను రోజులకు మొదటి ఆవిడ అన్నదమ్ములతో వచ్చింది. కోర్టు డిక్రీ లేదు కనక కాగితాల మీద భార్య ఆవిడే. ఇరవై ఆరేళ్ళు అన్నం వండి పెట్టినావిడ నా టేబుల్ ముందు నిలబడి "మరి నేనెవర్నండీ" అని అడిగింది. నేను ఫైలు చూస్తూ కూర్చున్నాను. ఏం చెప్తాను?

పిల్లలకు వాటా వచ్చింది. సెక్షన్ 16 ప్రకారం చెల్లని పెళ్ళికి పుట్టినా పిల్లలు సక్రమ సంతానమే. ఆవిడకు మాత్రం ఏమీ రాలేదు.

ఓరుగల్లు_అక్క
గుమస్తా గారి పోస్టు చదివి కాసేపు ఫోను పక్కన పెట్టాను.

కందిపొడి
మా బాబాయికి ఇది చూపించాలి. రేపే.

అనకాపల్లి_బెల్లం
ఆ కాగితంలో "పాపతో తండ్రికి సంబంధం లేదు" అని రాశారు కదా, అది కూడా చెల్లదా? మా అక్కదీ అలాగే రాయించారు.

నల్లకోటు
అది ఇంకా చెల్లదు. తల్లీ తండ్రీ కలిసి సంతకం పెట్టినా బిడ్డ హక్కును వదిలేసే అధికారం వాళ్ళకు లేదు. పాప పోషణ బాధ్యత తండ్రికి పోదు. ఆస్తిలో ఆ పాప ఆయనకు మొదటి తరగతి వారసురాలే, ఆయన రేపు ఎంతమందిని కన్నా సరే. విడాకులతో పోయేది భార్య వారసత్వం, బిడ్డది కాదు. పిల్ల ఎవరి దగ్గర ఉండాలనే ఒప్పందాన్నైనా కోర్టు ఎప్పుడైనా మార్చగలదు. కోర్టు చూసేది బిడ్డ మేలు.

ఇంకోటి. కొత్త భర్త పాపను దత్తత తీసుకోవాలనుకుంటే కన్నతండ్రి సమ్మతి కావాలి. స్టాంపు పేపరు చూపించి ఆ పని జరగదు. కాబట్టి ఇప్పుడు రాసే ఒప్పందంలోనే ఆ మాట తేల్చుకోండి.

టీచరమ్మ
చిన్న సందేహం. కోర్టుకెళ్ళి జ్యుడీషియల్ సెపరేషన్ తీసుకుంటే సరిపోదా? అది తేలికని మా స్టాఫ్ రూములో ఎవరో అన్నారు.

నల్లకోటు
సెక్షన్ 10. దాంతో కలిసి ఉండాల్సిన పని ఉండదు, అంతే. పెళ్ళి మాత్రం అలాగే ఉంటుంది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేరు. ఆ డిక్రీ తర్వాత ఏడాది దాటినా కలవకపోతే దాని ఆధారంగా విడాకులు అడగొచ్చు. వీళ్ళకు అది చుట్టుదారి.

టీచరమ్మ
సరే. దీని తిరగేసిన కేసు ఒకటి మన హైకోర్టులోనే నడిచింది, తెలుసా? "నా భార్యను కాపురానికి పంపండి" అనే సెక్షన్ 9. నటి సరిత మీద ఆమె భర్త కడప కోర్టులో వేశారు. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టం లేని మనిషిని కాపురానికి పంపడం ఏమిటి అని. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కాదంది. నాకైతే చౌదరి గారి మాటే సబబు అనిపిస్తుంది ఇప్పటికీ.

పాలమూరు_పిల్లోడు
టీచరమ్మ గారూ, ఆ సెక్షన్ 9 నోటీసు నాకూ వచ్చింది. కాకపోతే ఆమె నా మీద వేసింది. మొగవాళ్ళ మీద కూడా వేస్తారని అప్పుడే తెలిసింది.

కందిపొడి
వెళ్ళావా మరి కాపురానికి?

పాలమూరు_పిల్లోడు
వెళ్ళాను. ఇద్దరు పిల్లలు. ఈ టాపిక్ వద్దు.

రెండో_వాయిదా
నల్లకోటు గారు 13బి చెప్పారు, బాగుంది. కానీ అందులో ఉన్న గొయ్యి గురించి చెప్పలేదు. మొదటి దఫా సంతకం పెట్టినవాళ్ళు రెండో దఫాకు రాకపోతే ఏమవుతుందో నన్ను అడగండి.

మాది 2019. పద్నాలుగు లక్షలకు ఒప్పందం. మా లాయరు మంచివాడే గానీ మొత్తం డబ్బు మొదటి దఫాకే ఇప్పించాడు, "నమ్మకం పెరుగుతుంది" అన్నాడు. ఆరు నెలలు ఆగాను. రెండో వాయిదాకు ఆవిడ రాలేదు. మూడోసారి వచ్చి "నాకు విడాకులు ఇష్టం లేదు" అంది. పిటిషన్ కొట్టేశారు. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మాట వెనక్కి తీసుకోవచ్చని 1991లోనే సురేష్టా దేవి కేసులో చెప్పారట. ఆ "అట" నాకు పద్నాలుగు లక్షలు. తర్వాత క్రూరత్వం కింద మామూలు విడాకుల కేసు వేశాను, ఇంకా నడుస్తోంది.

కాబట్టి తమ్ముడూ, ఇచ్చేదైనా పుచ్చుకునేదైనా సగం మొదటి దఫాకు, సగం రెండో దఫాకు, జడ్జి ముందే, డీడీ రూపంలో. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకో.

ఓరుగల్లు_అక్క
రెండో_వాయిదా గారి బాధ అర్థమైంది గానీ అందరు ఆడవాళ్ళూ అలా చేయరని కూడా రాస్తున్నాను. మాది కూడా 13బినే. మా ఆయన, అంటే అప్పటి ఆయన, మేం ఇద్దరం ఒకే ఆటోలో కోర్టుకు వెళ్ళాం రెండో వాయిదాకు. బస్సులు లేవు ఆ రోజు. డ్రైవరు "ఎక్కడికన్నా" అంటే "ఫ్యామిలీ కోర్టు" అన్నాం ఇద్దరం ఒకేసారి. అతను అద్దంలో చూశాడు, ఏమీ అనలేదు.

జడ్జి గారు నన్ను ఒక్కదాన్నే అడిగారు, ఎవరైనా బలవంతం చేశారా అని. లేదన్నాను. బాబు గురించి మా ఒప్పందంలో ఎంత వివరంగా రాసుకున్నామంటే: నెలలో రెండో, నాలుగో ఆదివారాలు వాళ్ళ నాన్న దగ్గర, సంక్రాంతి సెలవుల్లో సగం, ఎండాకాలంలో ఇరవై రోజులు, స్కూలు ఫీజు ఆయనే నేరుగా కట్టాలి, పాస్‌పోర్టు ఫారం మీద ఇద్దరం సంతకం పెట్టాలి. అప్పుడు మా అన్నయ్య విసుక్కున్నాడు, "ఇవన్నీ రాయాలా, అప్పటికప్పుడు మాట్లాడుకోలేరా" అని. మాట్లాడుకోగలిగితే కోర్టుకెందుకు వెళ్తాం? ఈ ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ఫోన్లో గొడవ పడలేదు. కాగితం తీసి చూసుకుంటాం, అంతే.

తణుకు తమ్ముడు వాళ్ళ కాగితంలో ఉన్నదంతా "లేదు, లేదు, లేదు" అనే. పాప తండ్రిని చూడాలనుకుంటే ఎలా అని ఒక్క మాట లేదు. ఆ పాపకు ఇప్పుడు ఆరేళ్ళు ఉంటాయా?

తణుకు_తమ్ముడు
ఆరు నిండాయి అక్కా. అప్పుడప్పుడు అడుగుతుంది. మేం మాట మారుస్తాం.

డాలస్_బావ
ఇండియాలో ఇంత తతంగం ఉంటే ఆ అబ్బాయి అమెరికా వచ్చి ఇక్కడ డైవర్స్ తీసుకుంటే పోలా? ఇక్కడ తప్పొప్పులు అడగరు.

నల్లకోటు
బావగారూ, సరిగ్గా ఇలాగే అనుకున్న తెలుగాయన కేసే దేశమంతా ఉదాహరిస్తారు. వై. నరసింహారావు కేసు. 1975లో తిరుపతిలో పెళ్ళి. ఆయన అమెరికా వెళ్ళి మిస్సోరీ కోర్టులో విడాకుల డిక్రీ తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో రెండో పెళ్ళి చేసుకున్నారు. మొదటి భార్య ద్విభార్యత్వం కేసు పెట్టారు. 1991లో సుప్రీంకోర్టు ఆ మిస్సోరీ డిక్రీ ఇక్కడ చెల్లదంది. పెళ్ళి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద, అవతలివాళ్ళు నిజంగా ఆ కోర్టుకు లోబడి పాల్గొంటేనే విదేశీ డిక్రీ చెల్లుతుందని. అక్కడ "ఇక కుదరదు" అంటే చాలు, ఇక్కడి చట్టంలో ఆ కారణమే లేదు.

డాలస్_బావ
అంటే నా డిక్రీ...? నేను 2016లో ఇక్కడే తీసుకున్నాను. ఆవిడ కూడా ఇక్కడే ఉండేది, ఇద్దరం ఒప్పుకునే సంతకాలు పెట్టాం.

నల్లకోటు
ఇద్దరూ అక్కడే ఉండి, హాజరై, ఒప్పుకున్నారంటే మీ పరిస్థితి చాలా మేలు. అయినా ఊళ్ళో ఆస్తి కొనేముందు కాగితాలు ఎవరికైనా చూపించుకోండి.

డాలస్_బావ
నిన్నే మణికొండలో ఫ్లాటుకు అడ్వాన్స్ ఇచ్చాను. ఇక్కడికి ఎందుకు వచ్చానురా దేవుడా.

తణుకు_తమ్ముడు
కొత్త సంగతి. నిన్న సాయంత్రం మా పెదనాన్న కొడుకు, నేను వాళ్ళ ఊరు వెళ్ళాం, కోర్టులో కలిసి పిటిషన్ వేద్దామని అడగడానికి. అబ్బాయి ఇంట్లో లేడు. వాళ్ళన్నయ్య కూర్చోబెట్టాడు. "మాకేం అవసరం, కాగితం రాసుకున్నాం కదా, మావాడికి కోర్టుకు వచ్చే తీరిక లేదు. ఆ రోజు ఇచ్చిన నాలుగు లక్షలు తిరిగిస్తే చూద్దాం" అన్నాడు. మాట్లాడుతుండగా లోపల్నుంచి ఒకమ్మాయి మంచినీళ్ళు తెచ్చింది. చంకలో ఏడాది బాబు. మెళ్ళో కొత్త పుస్తెలు. ఎవరని అడగలేదు, అడగాల్సిన పని లేకపోయింది.

బండి మీద వచ్చేటప్పుడు అన్నయ్య ఒకటే మాట: "వాడు దొరికాడు రా, కేసు పెడదాం."

కందిపొడి
అమ్మో. డిక్రీ లేకుండా వాడు ముందే కానిచ్చేశాడా.

పాలమూరు_పిల్లోడు
ఇప్పుడు వాడే నాలుగు లక్షలు ఇవ్వాలి మీకు. ఏడేళ్ళ కేసు గుర్తుచేయండి, పరిగెత్తుకుంటూ వచ్చి సంతకం పెడతాడు.

రెండో_వాయిదా
పాలమూరు అన్నతో ఏకీభవిస్తున్నాను. ఇది మెతకగా ఉండే సమయం కాదు. మిగతా మూడు కాసుల బంగారం కూడా అడగండి.

ఓరుగల్లు_అక్క
ఆ మంచినీళ్ళు తెచ్చినమ్మాయి ఏం చేసింది? ఆమెకు కూడా ఎవరో ఒక స్టాంపు పేపరు చూపించి "విడాకులు అయిపోయాయి" అని చెప్పే పెళ్ళి చేసి ఉంటారు. గుమస్తా గారు చెప్పిన "మరి నేనెవర్నండీ" ఆవిడే ఈమె. కేసు పెడితే ముందు రోడ్డున పడేది ఆమే.

రెండో_వాయిదా
అక్కా, అందరి గురించీ ఆలోచిస్తే మన పని కాదు.

నల్లకోటు
ఇద్దరూ కాస్త ఆగండి. తమ్ముడూ, "డబ్బివ్వకపోతే కేసు పెడతాం" అనే మాట నోటితో గానీ వాట్సాప్‌లో గానీ అనకండి. న్యాయం మీ వైపు ఉన్నా, ఆ ఒక్క వాయిస్ మెసేజీతో బెదిరించి డబ్బు గుంజారనే కేసు మీ మీదికి తిరుగుతుంది. పైగా ద్విభార్యత్వం కేసులో రెండో పెళ్ళి శాస్త్రోక్తంగా జరిగిందని రుజువు చేయాలి, అది అనుకున్నంత తేలిక కాదు.

మీకు కావలసింది డిక్రీ. మీకంటే వాళ్ళకే డిక్రీ అవసరం ఎక్కువ, ఆ సంగతి వాళ్ళకు తెలియదు, అంతే. లాయరు చేత మర్యాదగా ఒక నోటీసు పంపించండి: పెళ్ళి చట్టప్రకారం ఇంకా రద్దు కాలేదు, పరస్పర అంగీకారంతో పిటిషన్ వేయడానికి ముందుకు రావలసిందని. రాకపోతే మీ చెల్లి ఒక్కతే వేయొచ్చు. రెండేళ్ళకు పైగా వదిలేయడం ఒక కారణం అవుతుంది, పెళ్ళయ్యాక వేరొకరితో సంబంధం ఇంకో కారణం. మీ చెల్లి ఉంటున్న చోటే వేయొచ్చు, వాళ్ళ ఊరు వెళ్ళక్కర్లేదు. అతను సమన్లు అందుకుని రాకపోతే ఎక్స్‌పార్టీగా కూడా డిక్రీ వస్తుంది. కాలం పడుతుంది.

బంగారం సంగతి. అది స్త్రీధనం, పూర్తిగా మీ చెల్లిదే. 1985లో ప్రతిభా రాణి కేసు నుంచి దాని మీద గొడవ లేదు. అడగండి, దాన్ని హక్కుగా అడగండి, బేరంలో ముక్కగా కాదు.

టీచరమ్మ
ఫీజు గురించి భయపడితే: ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఫోను 15100. మా వంటమనిషికి అక్కడే లాయరును ఇచ్చారు, శ్రద్ధగానే చూశాడు.

కందిపొడి
మూడు కాసులంటే ఎంత? మా హైదరాబాదీ ఫ్రెండు తులాల్లో చెప్పమంటున్నాడు.

పాలమూరు_పిల్లోడు
కాసు ఎనిమిది గ్రాములు, తులం ఇప్పుడు పది గ్రాములు లెక్క. రెండున్నర తులాలకు కొంచెం తక్కువ. ఇప్పటి రేటుకు నాలుగు లక్షల కట్నం మాట మర్చిపోయి ఆ బంగారమే అడగాలి.

అనకాపల్లి_బెల్లం
మేం క్రైస్తవులం. ఈ 13బి మాకు లేదు కదా?

నల్లకోటు
మీది 1869 నాటి విడాకుల చట్టం. 2001 సవరణలో 10ఎ అని పరస్పర అంగీకారం చేర్చారు. చర్చి పెద్దలు రాసిచ్చిన కాగితంతో మాత్రం కాదు. మీ అక్కను కోర్టుకే వెళ్ళమనండి.

తణుకు_తమ్ముడు
ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. రెండు నెలలైంది.

నోటీసు వెళ్ళిన పదో రోజున అబ్బాయే స్వయంగా ఫోన్ చేశాడు, నాన్నకు. వాళ్ళ లాయరు బాగా చీవాట్లు పెట్టినట్టున్నాడు. డబ్బు మాట ఎత్తలేదు. తణుకులోనే మా లాయరు గారి ఆఫీసులో కూర్చున్నాం. ఓరుగల్లు అక్క చెప్పినట్టే చెల్లి ఒక నోటుబుక్కులో ముందే రాసుకొచ్చింది, నాకు కూడా చూపించలేదు. మూడు కాసుల బంగారం రెండో వాయిదా నాడు జడ్జి గారి ముందే ఇవ్వాలి. పాప పేరు మీద ప్రతి ఏటా స్కూలు ఫీజు. నెలకో ఆదివారం తండ్రిని చూడొచ్చు, పాపకు ఇష్టమైతే. "పాపకు ఇష్టమైతే" అన్నచోట అతను కాసేపు ఆగాడు. తర్వాత సంతకం పెట్టాడు. దత్తత సంగతి ఇప్పుడు వద్దంది చెల్లి, పాప పెద్దయ్యాక చూద్దామంది.

మొదటి దఫా అయిపోయింది. ఆరు నెలల గడువు మాఫీకి అర్జీ పెట్టాం. వచ్చే నెల పదహారున వాయిదా.

రెండో_వాయిదా
ఆ రోజు అతను వచ్చేదాకా నాకు నిద్ర పట్టదు.

ఓరుగల్లు_అక్క
ముహూర్తం సంగతి?

తణుకు_తమ్ముడు
మాఘం వదిలేశాం అక్కా. రాజమండ్రి వాళ్ళ మేనమామే అన్నారు, డిక్రీ చేతికొచ్చాకే ముహూర్తం పెడదాం, అంతదాకా తొందరేం లేదని. ఆ రోజు కాగితం మడిచి ఇచ్చేసినాయనే.

కందిపొడి
మా బాబాయికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. పిన్ని విని లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆయన మొదటావిడ ఎక్కడుందో వెతుకుతున్నాం. నల్లకోటు గారూ, మీకు మెసేజీ పెట్టాను.

నల్లకోటు
చూశాను. మొదటావిడ చిరునామా దొరికాక ఫోన్ చేయండి.

రిటైర్డ్_గుమస్తా
తణుకు బాబూ, ఆ పాత స్టాంపు పేపరు ఏం చేశారు? చించేశారా?

తణుకు_తమ్ముడు
లేదండి, నాన్న చించబోతే లాయరు గారే ఆపారు. 2021 నుంచి విడిగా ఉంటున్నారని చూపించడానికి పిటిషన్‌కు జత చేశారు. దాని మీద కోర్టు ముద్ర పడింది.